దీపం పెట్టెలో నలభై మూడు

లెక్కల మాస్టారు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయింది గానీ, ఆయన ఎర్ర పెన్ను మాత్రం ఇంకా రిటైరు కాలేదు. ఆ సంగతి టైలరమ్మకు సోమవారం పొద్దున్న తెలిసింది.

ఆమె చొక్కాకు కాలరు అతుకుతోంది. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త ఒక కవరు తెచ్చి మిషను బల్ల మీద పడేశాడు. "మీ మాస్టారు స్టాండులో కనిపించి ఇచ్చాడు. టికెట్టుకి సరిపడా చిల్లర కూడా ఇవ్వని మనిషి, కవరు మాత్రం జాగ్రత్తగా అంటించి ఇచ్చాడు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

కవరులో ఉన్నవి ఆమె రాసిన కాగితాలే. తొమ్మిది వారాలుగా, రోజూ తెల్లవారుజామున లేచి, ఒక్కో గడి నింపుకుంటూ వచ్చిన కాగితాలు. "బూడిదరంగు పెద్దవి" అన్న వరసలో 43 అంకె చుట్టూ ఎర్రటి సున్నా, దాని పక్కన మూడు ప్రశ్న గుర్తులు ఉన్నాయి. కింద మాస్టారి గుండ్రటి దస్తూరి: "నమ్మశక్యంగా లేదు. మిగతా ఆరిళ్ళలో సగటు ఏడు. ఈ పేజీలు కొట్టేస్తున్నాను. శనివారం వచ్చి పెట్టె తీసుకెళ్తాను. డాక్టరుగారు అడుగుతున్నారు, ఆయన తోటలో పెడదాం."

టైలరమ్మ అది రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోయి ఆపేసింది. ఒళ్ళు మండిపోయింది.

ఆ పెట్టె సంగతి వీధిలో అందరికీ తెలుసు. మూరెడు చెక్క పెట్టె, పైన గరాటు, గరాటు మీద బల్బు. పొద్దు గూకగానే స్విచ్చి వేస్తే, వెలుగు చూసి వచ్చిన రెక్కల పురుగులు గరాటులోంచి జారి పెట్టెలో పడతాయి. లోపల కోడిగుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పురుగులు ఆ గుంటల్లో దూరి తెల్లవార్లూ కదలకుండా కూర్చుంటాయి. తెల్లారాక ఒక్కో అట్టా ఎత్తి, ఏ రకం ఎన్ని అని రాసుకుని, దేన్నీ నలపకుండా వదిలేయాలి. ఈ వేసవి మూడు నెలలూ ఏడిళ్ళలో ఈ పని జరగాలని మాస్టారే పెట్టెలు పంచాడు. వేసవి అయిపోయాక ఆయన కాగితాలన్నీ పోగుచేసి నగరంలోని పరిశోధన కేంద్రానికి పంపిస్తాడు. పదకొండేళ్ళుగా తన ఇంట్లో పట్టిన లెక్కలు కూడా పంపిస్తున్నాడు.

మాస్టారు ఇచ్చిన బొమ్మల పుస్తకంలోని పేర్లు టైలరమ్మకు నోరు తిరగలేదు. అందుకని తన పేర్లు తనే పెట్టుకుని, పక్కన పుస్తకంలోని బొమ్మ నంబరు వేసేది. రెక్క అంచున తెల్లటి గీత ఉన్నది "పైపింగు". పసుపు మీద గోధుమ చారలున్నది "పరుపు గలీబు". లోపలి రెక్క ఎర్రగా, పై రెక్క మట్టిరంగుగా ఉన్నది "లైనింగు కోటు". బూడిదరంగు పెద్దవాటికి మాత్రం పేరు పెట్టలేదు. అవి మరీ ఎక్కువ వచ్చేవి.

వీధిలో వాళ్ళు నవ్వారు. బట్టలు కుట్టే చేత్తో బట్టలు తినే పురుగుల్ని పెంచుతోందన్నారు. ఇవి బట్టలు తినవు, వీటిలో కొన్నిటికి తినడానికి నోరే ఉండదు అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. అయినా పట్టుబట్టలు కుట్టించుకునేవాళ్ళు ఇద్దరు పక్క వీధి టైలరు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంత పడ్డాక ఇప్పుడు కొట్టేస్తున్నాడట!

ఫోను తీసి మాస్టారికి కలిపింది.

"మాస్టారూ, నా కాగితాలు వెనక్కి పంపారేమిటండీ?"

"చూశావా అమ్మా. మంచిది. కోప్పడకు. లెక్క అన్నాక లెక్కలాగా ఉండాలి."

"ఉన్నవే కదండీ రాశాను."

"ఉన్నవే రాశావు. కాదనను. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టి ఉంటావు. కొత్తవాళ్ళు అందరూ చేసేదే."

"మాస్టారూ, నేను ఇరవై రెండేళ్ళుగా బొత్తాములు కుడుతున్నాను. ఒక్క చొక్కాకైనా ఒక బొత్తాం ఎక్కువ కుట్టానా?"

"బొత్తాములు ఎగరవు కదమ్మా," అన్నాడు మాస్టారు చల్లగా. "శనివారం పొద్దున్నే వస్తా. వైరు చుట్టి ఉంచు." ఫోను పెట్టేశాడు.

టైలరమ్మ ఆ కోపంలో కాలరు తిరగేసి కుట్టేసింది. మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

మంగళవారం ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. శనివారం లోపల సాక్షుల్ని పెట్టి లెక్కపెట్టాలి. మాస్టారి నోరు మూయించాలి. పెట్టె పోతే పోనీ, తొమ్మిది వారాల తెల్లవారుజాములు మాత్రం చెత్తబుట్టలోకి పోకూడదు.

అయిదున్నరకు పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని, "అత్తయ్యా, ఇలా రండి. సాక్షి సంతకం పెట్టాలి," అని పిలిచింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. "దేనికే సంతకం? ఇల్లు అమ్మేస్తున్నావా?"

"ఈ అట్ట మీద ఎన్ని ఉన్నాయో చెప్పండి."

అత్తగారు వంగి చాలాసేపు చూసింది. "అట్ట ఒక్కటే ఉందే."

"అట్ట కాదు, పురుగులు!"

"పురుగులా! నాకు గుంటలు కనిపిస్తున్నాయి. గుంటల్లో మకిలి కనిపిస్తోంది. మకిలిలో ఏది పురుగో ఏది కాదో నాకెలా తెలుస్తుందే? పొద్దున్నే టీ కూడా పడకుండా నాతో ఈ లెక్కలేమిటి?"

టైలరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ఇక లాభం లేదని భర్తను లేపింది. ఆయన దుప్పటి కప్పుకునే వచ్చి, పెట్టె ముందు నిలబడి, బస్సులో తలలు లెక్కపెట్టినట్టు వేలు ఆడిస్తూ పెదాలు కదిపాడు.

"ముప్ఫై తొమ్మిది."

"నాకు నలభై ఒకటి వచ్చాయి."

"రెండు ఫుట్‌బోర్డు మీద ఉన్నాయేమో," అని ఆవులించాడు. కానీ వంగి చూసి, పెట్టె బయట గోడకు అంటుకుని కూర్చున్న రెండిటిని ఆయనే చూపించాడు. "ఇదిగో. నలభై ఒకటే. కండక్టరు సంతకం కావాలా?"

ఆయన సంతకం పెట్టాడు. టైలరమ్మకు కాస్త ప్రాణం కుదుటపడింది.

తర్వాత ఆమె వాటిని వదిలే పనిలో పడింది. మిగతా ఇళ్ళలో అట్టను తిరగేసి దులిపేస్తారని ఆమెకు తెలుసు. ఆమె అలా చేయదు. దులిపితే పిట్టలు వాలి ఒక్కటీ మిగల్చవు. అందుకని ఒక్కోదాని ముందు వేలు పెట్టి, అది వేలు మీదికి ఎక్కేదాకా ఆగి, పెట్టె పక్కనే ఉన్న పొదలో ఆకుల అడుగున, ఎండ తగలని చోట దింపుతుంది. నలభై ఒక్కటికీ అరగంట పడుతుంది. ఆ అరగంటా మిషను ఆగిపోతుంది, టీ చల్లారిపోతుంది, అత్తగారు సణుగుతుంది.

ఆ రోజు దింపినవాటిలో ఒకదాని ఎడమ రెక్క చినిగి ఉంది. చినుగు కూడా కత్తెరతో గాటు పెట్టినట్టు, వీ ఆకారంలో, చాలా శుభ్రంగా ఉంది. టైలరమ్మ దాన్ని పొదలో దింపి, చేతులు కడుక్కుని, పనిలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఒక చొక్కా మెడకు గాట్లు పెడుతుండగా కత్తెర చేతిలోనే ఆగిపోయింది.

ఆ గాటు ఆమె ఇంతకుముందు చూసింది. శుక్రవారం చూసింది. బహుశా బుధవారం కూడా. మనుషుల ముఖాలు మరిచిపోతుందేమో గానీ, చినుగు మాత్రం ఆమె మరిచిపోదు. పదేళ్ళ కింద రఫూ చేసిన కోటు వీధిలో ఎదురొస్తే, మోచేతి దగ్గర చూసి ఇది నా కుట్టే అని చెప్పేస్తుంది.

"ఏమేవ్, అలా కూర్చున్నావేమే?" అంది అత్తగారు.

"ఏం లేదు అత్తయ్యా."

ఆ రోజు ఇక ఒక్క గాటు కూడా పెట్టలేదు.

బుధవారం తెల్లవారుజామున, రెండో అట్ట ఎత్తగానే, మూడో గుంటలో ఎడమ రెక్క మీద గాటుతో అది తీరిగ్గా కూర్చుని ఉంది.

"నువ్వా?" అంది టైలరమ్మ.

అది మీసం కూడా కదపలేదు.

ఒక్కటే కదా, ఒక్కటి వచ్చినంత మాత్రాన ఏమవుతుందని సర్దిచెప్పుకుంది. కానీ మనసు ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి, దారం ముడి ఊడిపోకుండా అంటించే గోళ్ళ రంగు సీసా తెచ్చింది. సూది తల దాంట్లో ముంచి, ఒక్కోదాని భుజం మీద ఒక చిన్న చుక్క పెట్టింది. ఊపిరి బిగబట్టి పెట్టాలి. రెక్కకు అంటితే ఎగరలేదు, మెడ మీద పడితే చచ్చిపోతుంది. నలభై చుక్కలు పెట్టేసరికి నడుము పట్టేసింది.

భర్త బ్రష్షు నోట్లో పెట్టుకుని వచ్చి చూశాడు. "ఏం చేస్తున్నావ్?"

"చూస్తే తెలీడం లేదా?"

"టికెట్టు కొడుతున్నట్టుంది. రేపు ఇదే టికెట్టు మీద మళ్ళీ ఎక్కితే ఫైను వేద్దాం."

"మీ సరసం మీ దగ్గరే ఉంచుకోండి. నురగ అట్ట మీద పడుతోంది, అవతలికి వెళ్ళండి!"

ఎప్పటిలాగే వాటిని పక్క పొదలో దింపింది.

గురువారం పెట్టెలో నలభై రెండు ఉన్నాయి. వాటిలో చుక్కలున్నవి ఇరవై తొమ్మిది.

టైలరమ్మ అట్టలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఇరవై తొమ్మిదే. పీట మీద కూర్చుండిపోయింది. మొదట వాటి మీదే కోపం వచ్చింది. "ఊళ్ళో మీకు ఇంకో దీపమే దొరకలేదా? రోజూ నా కొంపకే రావాలా? పొద్దున్న దింపడం, రాత్రి ఎక్కడం! అరగంట సేపు మిమ్మల్ని వేలు మీద మోసినందుకు ఇదా మీరు చేసేది?" తర్వాత మాస్టారి మీద కోపం వచ్చింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఒకదాన్నే రెండుసార్లు కాదు, పదిసార్లు లెక్కపెట్టింది ఆమె. దులిపేసిన వాళ్ళ పురుగుల్ని పిట్టలు తినేశాయి కాబట్టి వాళ్ళ లెక్క పెరగలేదు. ఆమె ఆకుల కింద భద్రంగా దాచింది కాబట్టి అవి చీకటి పడగానే పక్కనే వెలిగిన దీపంలోకి మళ్ళీ వచ్చాయి. ఏదో అజాగ్రత్త వల్ల జరిగి ఉంటే సిగ్గుపడి ఊరుకునేది. మరీ జాగ్రత్త పడటం వల్ల జరిగిన తప్పుకు ఎవరి మీద పడి ఏడవాలో తెలియలేదు.

సంగతి విన్న భర్త తల గోక్కున్నాడు. "పోనీలే. పెట్టె ఎల్లుండి ఎలాగూ పోతోంది. ఆయన కొట్టేయనే కొట్టేశాడు. ఇక నువ్వు చెప్పడమెందుకు?"

"అవునే," అంది అత్తగారు. "వాడు గెలిచాడని మనమే వెళ్ళి దండ వేసి రావాలా?"

"మీ ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు," అని టైలరమ్మ కసిరింది. "ఆయన నా కాగితాల్ని అబద్ధాల్లాగా కొట్టేస్తున్నాడు. నేను రాసింది అబద్ధం కాదు, తప్పు. తప్పయితే దిద్దుకోవచ్చు. అబద్ధమయితే పారేయడమే."

"రెంటికీ తేడా ఏముందే?" అంది అత్తగారు.

"చాలా ఉంది అత్తయ్యా. చొక్కా బిగుతుగా కుడితే విప్పి కుడతాం. గుడ్డ దొంగిలిస్తే?"

భర్త లేచి, "అయితే పద, వీటిని దూరంగా దింపొద్దాం. నాకు డ్యూటీ తొమ్మిదింటికి," అన్నాడు. అట్టలన్నీ పాత దుప్పట్లో చుట్టి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, రైలు పట్టాలు దాటి అవతలి తుప్పల దాకా నడిచారు. దారిలో ఎవరో "ఏమిటది?" అని అడిగితే "పాసింజర్లు" అన్నాడు కండక్టరు. టైలరమ్మకు నవ్వొచ్చింది గానీ, ఆ రోజు నవ్వదలచుకోలేదు కాబట్టి ఆపుకుంది.

శుక్రవారం పెట్టెలో పద్నాలుగు ఉన్నాయి. ఒకే ఒక్క చుక్క. పద్నాలుగు అని తన లెక్కల పుస్తకంలో రాసి, దాన్ని చంకలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా మాస్టారింటికి బయలుదేరింది.

గేటు తీసే ఉంది. మాస్టారు వాకింగుకు వెళ్ళాడని పక్కింటావిడ గోడ మీద నుంచి చెప్పింది. "ఏడింటికి గానీ రారు. కూర్చోండి."

మాస్టారి పెట్టె జామచెట్టు కింద సిమెంటు అరుగు మీద ఉంది. అచ్చం తన పెట్టెలాంటిదే. టైలరమ్మ మెట్టు మీద కూర్చుని, చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటోంది. తప్పు నాదే మాస్టారూ. ఊహూఁ, అలా మొదలుపెడితే ఆయన ఇక తర్వాతి మాట విననే వినడు.

అంతలో పెట్టెలోంచి ఏదో గీకిన చప్పుడయింది. గరాటు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ సందులోంచి ఒక నల్లటి చిన్న పిట్ట బయటికి వచ్చింది. తోక నిటారుగా ఎత్తి, ముక్కుతో పట్టుకున్నదాన్ని అరుగు మీద నాలుగుసార్లు కొట్టింది. రెక్కలు ఊడి పడ్డాయి. మిగిలింది మింగి, మళ్ళీ సందులో దూరింది. అలవాటైన ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది.

టైలరమ్మ లేచి దగ్గరికి వెళ్ళింది. పిట్ట ఎగిరి గోడ మీద వాలింది. అరుగంతా బూడిదరంగు రెక్కలు. కొన్నిటిని చీమలు పడవల్లా మోసుకుపోతున్నాయి. ఆమె వేలు కాస్త తడి చేసుకుని, ఒక్కో రెక్కనూ అద్ది తీసి, పుస్తకం అట్ట మీద పరిచింది. కత్తిరించిన గుడ్డ ముక్కల్ని విడదీసినట్టు, పై రెక్కలు ఒక వైపు, లోపలి రెక్కలు ఒక వైపు, కుడివి వేరు, ఎడమవి వేరు పెట్టుకుంటూ పోయింది.

మాస్టారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఇంత పొద్దున్నే? పెట్టె రేపు నేనే వచ్చి తీసుకునేవాణ్ణి కదా."

"మీరు ముందు మీ పెట్టె చూసుకోండి మాస్టారూ. తర్వాత చెబుతా."

ఆయన అట్టలు ఎత్తి చూశాడు. "బూడిదరంగు పెద్దవి, ఆరు. చూశావా? నిన్న కూడా ఆరే. ఏటా తగ్గిపోతున్నాయమ్మా. పాత పుస్తకాలు చూస్తే బాధేస్తుంది. మూడేళ్ళ కింద పదహారు, పదిహేడు. అదే రాసి పంపుతున్నాను. ఇప్పుడు చెప్పు."

టైలరమ్మ చెప్పింది. చినిగిన రెక్క, గోళ్ళ రంగు, ఇరవై తొమ్మిది, రైలు పట్టాలు, పద్నాలుగు, ఏదీ దాచలేదు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ? రెండుసార్లు లెక్కపెట్టావని ఫోనులోనే చెప్పానా లేదా? లెక్కకు కళ్ళుంటే చాలవమ్మా..."

"మాస్టారూ," అంది టైలరమ్మ. ఇంక ఓపిక పట్టడం ఆమె వల్ల కాలేదు. "ఇవి కూడా చూడండి."

పుస్తకం అట్ట ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు.

"ఏమిటివి?"

"మీ పెట్టెలోవే. అదిగో, ఆ గోడ మీదున్న పిట్ట తిని పడేసింది. నేను చూస్తుండగానే లోపలికీ బయటికీ తిరిగింది."

"ఎన్ని?" అన్నాడు మాస్టారు.

"అన్నీ లెక్కపెట్టక్కర్లేదు. చొక్కా ఎన్ని ముక్కలైనా కాలరు ఒక్కటే కదండీ. ఎడమ పై రెక్కలు మాత్రం చూడండి. తొమ్మిది."

మాస్టారు వేలుతో ముట్టకుండా, పెదాలు కదుపుతూ, తొమ్మిదీ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరూ తొమ్మిదీ ఎంతో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నీకు పద్నాలుగు కదూ," అని గొణిగాడు.

"ఈ పిట్ట ఎప్పటి నుంచి వస్తోందో?" అన్నాడు.

"నాకేం తెలుసు మాస్టారూ. మీరు వాకింగు ఎప్పుడు మొదలుపెట్టారు?"

ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "మూడేళ్ళు. మోకాళ్ళ డాక్టరు చెప్పినప్పటి నుంచి. అంతకుముందు తెల్లారగానే పెట్టె తీసేవాణ్ణి." గోడ మీది పిట్ట ఇటూ అటూ గెంతుతూ, ఈయన అట్టలు ఎప్పుడు దులుపుతాడా అని చూస్తోంది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. అది కదల్లేదు. ఆయన దానికి బాగా తెలిసిన మనిషిలా ఉంది.

టైలరమ్మకు సంతోషంగా ఉండాల్సింది. ఉండలేదు. ఇంత విసుగు పడి, ఇంత దూరం వచ్చి, చివరికి ఆయన్ని ఓదార్చాల్సిన పని కూడా తన నెత్తినే పడేలా ఉందని ఇంకా చిరాకేసింది.

"నా పేజీలు కొట్టేయకండి," అంది. "తప్పని రాసి ఉంచండి. ఎందుకు తప్పో కూడా రాయండి. వారానికి ఎన్ని తీసేయాలో లెక్క మీరే వేయండి. నాకు రాదు."

"మరి నావి?"

చీమలు మోసుకుపోయిన వాటికి, మూడేళ్ళుగా గాలికి కొట్టుకుపోయిన వాటికి ఎడమ రెక్కలు ఎక్కడని వెతుకుతారు?

మాస్టారు లేచాడు. "డాక్టరుగారికి ఇంకో పెట్టె చేయిద్దాంలే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. తర్వాత ఆరు పురుగులున్న అట్టను రెండు చేతులతో ఎత్తి, భుజం మీది తువ్వాలు దాని మీద కప్పి, ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు. "వీటిని ఎక్కడ వదలమంటావు?"

"రండి," అంది టైలరమ్మ.

ఇద్దరూ గేటు దాటి నడిచారు. అట్ట ఒలికిపోయే గిన్నె అయినట్టు మాస్టారు చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడు. వీధి మలుపు దగ్గర ఒక పొద కనిపించగానే ఆగాడు.

"ఇక్కడ చాలదూ? మోకాళ్ళు..."

టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"మీ గేటు ఇంకా కనిపిస్తోంది మాస్టారూ. నడవండి."